దొంగ గురక

బచేలి సంతలో ఆకు దొన్నెలు అమ్మే ముసలావిడ ఒకామె ఉంది. మొన్న ఆదివారం నేను చింతపండు బేరమాడుతుంటే వెనక నుంచి నా కొంగు పట్టి లాగి, "మీ ససుర్‌జీ రావడం మానేశాడేం? ఇంకెవరి దగ్గరైనా కొంటున్నాడా?" అని హిందీ, అక్కడి హల్బీ భాష కలిపి నిలదీసింది. ఆయన పోయి ఏడాది కావస్తోందని చెప్పాను. ఆవిడ ఒక దొన్నెల కట్ట తీసి, వద్దంటున్నా వినకుండా నా సంచీలో పడేసింది. మేమిప్పుడు స్టీలు కంచాల్లోనే తింటున్నామని చెప్పబోయి ఊరుకున్నాను. అది చెప్పాలంటే చాలా చెప్పాలి. ఇంటికొచ్చి ఆ కట్టని వంటింటి గూట్లో పెట్టాను గానీ, ఆ రోజంతా మా మావయ్యే గుర్తొస్తూ ఉన్నారు.

మావయ్యంటే మా ఆయన తండ్రి. బచేలి ఇనుప గనుల కొండ మీద డంపర్ నడిపి రిటైరైన మనిషి. ఇల్లంత ఎత్తు బండిని ఎర్రమట్టి అంచుల మీద తోలి తోలి, ఇంజన్ మోతకి పైన మాట్లాడటం అలవాటైపోయి, ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరి క్వార్టర్ దాకా వినిపించేది. ఆయన ఊరికి ఫోన్ చేస్తుంటే, "ఆ ఫోను పక్కన పెట్టేయండి మావయ్యా, శ్రీకాకుళానికి నేరుగానే వినపడతది" అనేదాన్ని. "నీకేటి తల్లీ, కొంటా ఊరిదానివి. మీవోళ్ళు గుసగుసలాడతారు" అనేవారు. శబరి ఒడ్డున పుట్టిన మమ్మల్ని పట్టుకుని గుసగుసలాడతారని అన్నది లోకంలో ఆయనొక్కరే.

గనిలో బండి కదిలే ముందు హారన్ కొట్టాలట. ముందుకి కదిలితే రెండు, వెనక్కైతే మూడు. మావయ్య రిటైరయ్యారు గానీ ఆ హారన్ రిటైర్ కాలేదు. పొయ్యి మీంచి వేడి గిన్నె దించి పిల్లల వైపు వస్తుంటే గరిటెతో స్టీలు గ్లాసు మీద టంగు టంగున రెండు దెబ్బలు. వంటింట్లోంచి వెనక్కి నడవాలంటే మూడు. ఒకసారి నేను సాంబారు గిన్నెతో గిర్రున తిరిగి ఆయన్ని గుద్దబోయాను. "హారనేదమ్మా? ఇదే కొండ మీదైతే నీ లైసెన్సు లాగీసుందురు" అన్నారు. "ఇది నా వంటిల్లు మావయ్యా. ఇక్కడ లైసెన్సు ఇచ్చేది నేనే" అన్నాను. ఆ రోజు నుంచి గుమ్మం దగ్గర ఆగి, "లైసెన్సు ఉందా నాకు?" అని అడిగి మరీ లోపలికి వచ్చేవారు.

డంపర్ ఎక్కే ముందు దాని చుట్టూ తిరిగి టైర్లూ లైట్లూ చూసుకోవడం కూడా ఆయనకి ఒంట్లో ఇంకిపోయిన పని. మా పిల్లలకీ ఆ తనిఖీ తప్పేది కాదు. పింకీ అప్పుడు ఆరో తరగతి, బంటి రెండో తరగతి. యూనిఫామ్ వేసుకుని నిలబడితే మావయ్య వాళ్ళ చుట్టూ తిరిగేవారు. "బెల్టుంది. టై ఉంది. నీళ్ళు పోసుకున్నావా? గోళ్ళు సూపించు. ఒరే గుంటడా, ఇయ్యేం గోళ్ళురా, ఎలుగ్గొడ్డుకుంటాయి ఇలగ." అన్నీ సరిపోతే వీపు చరిచి "బండి ఓకే" అనేవారు. ఆ తర్వాత గేటు బయట స్కూలు ఆటో చుట్టూ కూడా తిరిగి, టైరుని చెప్పుకాలితో తన్ని చూసేవారు. ఆటో అతను మొదట్లో చిరాకు పడ్డాడు. కొన్నాళ్ళకి మావయ్య వచ్చి టైరు తన్నేదాకా తనే బండి స్టార్ట్ చేయడం మానేశాడు.

రిటైరయ్యాక మావయ్యా అత్తయ్యా సొంత ఊరు వెళ్ళిపోయారు. అత్తయ్య పోయాక ఆయన అక్కడ ఉండలేక, కిరండూల్ రైలెక్కి ఒక మూటతో మా దగ్గరికి వచ్చేశారు. మా ఆయనకీ అదే కొండ మీద మెషిన్ల రిపేరు పని. మా క్వార్టరూ అచ్చం వాళ్ళు ఒకప్పుడు ఉన్నటువంటిదే. ముందు గది, వెనక గది, వంటిల్లు. ముందు గదికీ వంటింటికీ మధ్య తలుపు లేదు, ఒక కర్టెన్ మాత్రం ఉంది. ముందు గదిలో ఆయనకి మంచం వేశాం.

వచ్చిన మర్నాడు నేను లేచేసరికి వంటింట్లో లైటు వెలుగుతోంది. మావయ్య కింద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు.

"ఏంది మావయ్యా, గింత పొద్దున లేచుడేంది? పడుకోరాదూ" అన్నాను.

"నైట్ షిఫ్టు ఒళ్ళు తల్లీ ఇది. తెల్లారగట్ట తొంగోమంటే తొంగోదు. పిల్లల టిఫిను నాకొదిలీ. నువ్వు ఆళ్ళ లంచి బాక్సులు సూసుకో."

నిజం చెప్పొద్దూ, హమ్మయ్య అనుకున్నాను. స్కూలు రోజుల్లో పొద్దున్న మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. బంటికి ఒక కాలి మేజోడు దొరికితే రెండోది దొరకదు. పింకీకి జడ వేస్తుంటే హోంవర్క్ గుర్తొస్తుంది. ఒక పొయ్యి మీద బాక్సుల్లోకి రొట్టెలు, ఇంకో పొయ్యి మీద పాలు. పిల్లలు బూట్లు వేసుకుంటూ ఒక ముద్ద, జడ వేయించుకుంటూ ఒక ముద్ద తిని పరిగెత్తేవారు. మావయ్య వచ్చాక వంటింట్లో చాప పడింది. ఉప్మా, దిబ్బరొట్టె, పిల్లలు అడిగిన రోజు పోహా. వారానికోసారి రాగులతో చోడంబలి. "మా సోడంబలే ఇక్కడ మడియా పేజ్. పేరు మార్సుకుని ముందే వొచ్చీసింది, నానే ఎనక్కాల వొచ్చినాను" అనేవారు.

ఆయన పెట్టిన షరతు ఒకటే. అందరం ఒకేసారి కూర్చోవాలి, మాట్లాడుకుంటూ తినాలి. ఎవరైనా మాట్లాడకపోతే, "ఏటమ్మా, నోట్లో ఉప్మా తప్ప మాటల్లేవేటి?" అని కదిపేవారు. ఇక చూడాలి, పింకీ తన క్లాసులో ఎవరు ఎవరితో కటీఫ్ అన్నారో చెబుతుంటే, బంటి దాని మాటకి అడ్డం పడి, ఇద్దరూ హిందీలోకి దిగి కొట్టుకునేవాళ్ళు. కంచాలు మోగేవి, గ్లాసులు దొర్లేవి. మావయ్య మధ్యలో కూర్చుని, పెళ్ళిభోజనం పంక్తి చూసే పెద్దమనిషిలాగా మురిసిపోయేవారు. ఎంత గోలగా ఉంటే అంత సంతోషం ఆయనకి.

చాప మీద రోజూ అయిదు కంచాలు వేసేవారు. ఆయన పక్కన వేసిన కంచం మాత్రం ఖాళీగా ఉండిపోయేది. అది మా ఆయనది.

మా ఆయన మంచివాడు. తండ్రి అంటే గౌరవం, మందులు తెచ్చేది తనే, ఆస్పత్రికి తీసుకెళ్ళేది తనే. కానీ పొద్దున్న టిఫినుకి మాత్రం కూర్చోడు. వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి, రొట్టె చుట్టి చేత్తో పట్టుకుని, గోడ వైపు చూస్తూ నాలుగు కొరుకులు కొరికి వెళ్ళిపోతాడు. పెళ్ళైన కొత్తలోనే గమనించాను ఈ మనిషి వాలకం. కంచం కింద పెడితే చప్పుడు కాదు. తలుపు వేస్తే చప్పుడు కాదు. బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మం దాటి, బయట మెట్టు మీద కూర్చుని తొడుక్కుంటాడు. "ఈయనెవరింట్లో దొంగతనానికొచ్చిండు" అనుకుని నవ్వుకునేదాన్ని. అడిగితే అలవాటు అనేవాడు. మావయ్య వచ్చాక ఆ అలవాటు ఇంకా ముదిరింది. నిలబడి తినే నాలుగు కొరుకులు రెండయ్యాయి.

మావయ్య గుండె అప్పటికే బాగాలేదు. నాలుక కింద పెట్టుకునే మాత్ర జేబులో ఎప్పుడూ ఉండేది. డాక్టరు ఏమీ తేల్చి చెప్పలేదు గానీ, మెట్లెక్కితే ఆగి ఆగి ఊపిరి తీసుకోవడం చూస్తే మాకు తెలిసిపోయేది. ఆయనకీ తెలుసు. ఒకరోజు పిల్లలు వెళ్ళాక, ఆ ఖాళీ కంచాన్ని కడగకుండానే బోర్లిస్తూ అన్నారు.

"నాకింకేటి కావాల తల్లీ. ఆడు నా పక్కన కూకుని ఒక్కపాలి కడుపునిండా తిని డూటీకెల్తే సాలు. ఆడు సిన్నప్పుడు తినగా నాను సూడనేదు. పెద్దయ్యేక ఆడు కూకోడు."

నేనూరుకుంటానా. ఆ వారమంతా మా ఆయన వెంట పడ్డాను. "పెద్దాయన అడిగేదేంది? పక్కన కూర్చోమంటున్నడు. అంత మోయలేని బరువా అది?" అన్నాను. "టైమ్ అయిపోతోంది, ఛోడో" అన్నాడు. సెలవు రోజు కూడా అదే మాటన్నాడు. సెలవు రోజు ఏం టైమో అడిగితే పెరట్లోకి వెళ్ళిపోయాడు. తండ్రీకొడుకుల మధ్య ఏదో పాత కోపం ఉందేమోనని నాకు భయం పట్టుకుంది. ఆ కోపం తీరకుండానే పెద్దాయన పోతే, ఈయన తర్వాత ఆ ఖాళీ కంచం తలుచుకుని జీవితాంతం కుమిలిపోతాడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టే అంత వేధించాను.

ఇంతలో ఒక ఆదివారం మావయ్య సంత నుంచి ఆయాసపడుతూ వచ్చారు. చంకలో ఆకు దొన్నెల కట్ట. సాల చెట్టు ఆకులు వెదురు పుల్లలతో కుట్టిన దొన్నెలు, ఇంకా పచ్చి వాసన పోలేదు.

"దొరికింది తల్లీ కిటుకు. ఆడికి స్టీలు కంచం పడదు. ఆడి సిన్నప్పుడు మా ఇంట్లో పిల్లల టిఫినంతా దొన్నెల్లోనే. మీ అత్తకి అదో సరదా. నాను నిద్దర్లేసి పెరట్లోకెల్తే దొన్నెలు గుట్టపడి ఉండీవి. రేపు సూడు, ఆడెందుకు కూకోడో సూస్తాను."

మర్నాడు సోమవారం. చాప మీద కంచాలు లేవు, అయిదు దొన్నెలున్నాయి. అందులో ఉప్మా, పక్కన చిన్న దొన్నెలో చట్నీ. పిల్లలకి పిక్నిక్‌లా ఉంది. మావయ్య గ్లాసు మీద రెండు దెబ్బలు కొట్టి, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. మా ఆయన తల దువ్వుకుంటూ వచ్చాడు. దొన్నెలు చూశాడు. దువ్వెన చేతిలోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి, బూట్లు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు రెండు కొరుకులు కూడా లేవు.

మావయ్య గొంతు అంత చిన్నగా అవుతుందని నాకు అంతకు ముందు తెలియదు.

"నానేటి తప్పు సేసినానమ్మా?"

సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి పెరటి కుళాయి దగ్గర బూట్లు కడుక్కుంటున్నాడు. ఎర్రటి నీళ్ళు కాలవలోకి పోతున్నాయి. మావయ్య వాకింగ్‌కి వెళ్ళారు. నేను కుళాయి కట్టేసి ఎదురుగా నిలబడ్డాను.

"చెప్పండి. ఆయన మీద ఏం కోపం మీకు? ఏదున్నా ఇయ్యాల చెప్పాలె."

"కోపమా?" అన్నాడు ఆశ్చర్యంగా. "నాన్న మీద నాకు కోపమేంటి?"

అప్పుడు చెప్పాడు. మావయ్యకి నైట్ షిఫ్టులు ఎక్కువ పడేవి. పిల్లలు లేచేసరికే ఆయన కొండ దిగి వచ్చి, స్నానం చేసి, ముందు గదిలో పడుకుని ఉండేవారు. అత్తయ్యకి ఒకటే భయం. పగలు నిద్ర చాలకపోతే రాత్రి డంపర్ మీద కునుకు పడుతుంది. కొండ మీద ఎవరో ఒకాయన కునుకు తీసి బండిని అంచు దాకా తీసుకెళ్ళాడని, ఆఖరి క్షణంలో మెలకువ వచ్చి బతికాడని ఆవిడ వింది. ఇక ఆ ఇంట్లో పొద్దున్న చప్పుడన్నది లేదు. స్టీలు కంచం మోగుతుందని సంత నుంచి ఆకు దొన్నెలు తెచ్చేది. కుళాయి తిప్పకుండా రాత్రే నీళ్ళు పట్టి ఉంచేది. పిల్లలతో సైగలతో మాట్లాడేది. మా ఆయనా వాళ్ళ అక్కా బూట్లు చేత్తో పట్టుకుని బయటికి నడిచేవాళ్ళు.

"మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు స్టీలు గ్లాసు నా చేతిలోంచి జారింది. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. గోడకి ఆనుకుని అలా చూసిందంతే. ఆ రాత్రి నాన్న డ్యూటీకి వెళ్తే నేను నిద్రపోలేదు. బండి పడిపోతుందేమో, నా వల్లే అని. పొద్దున్న ఆయన గేటు తీసేదాకా కిటికీ దగ్గరే ఉన్నాను." చేతిలో బూటుని వంచి నీళ్ళు పారబోశాడు. "రోజూ నాన్న గురక మొదలయ్యేదాకా నాకు ముద్ద దిగేది కాదు. చివర ఒక ఈల వచ్చేది ఆ గురకలో. ఆ ఈల వినపడితే హాయిగా తినేసేవాణ్ణి. ఇప్పటికీ ఆయన ఇంట్లో మేలుకుని ఉంటే నా గొంతు పట్టేస్తుంది. ఏం చేయను? నవ్వుతావని చెప్పలేదు."

నాకు నవ్వు రాలేదు. ఆ మూడో తరగతి పిల్లాణ్ణి దగ్గరికి తీసుకోవాలనిపించింది. ఎదురుగా ఉన్నదేమో మీసాల మనిషి.

"నాన్నకి చెప్పకు. ఆయన బాధపడతాడు" అన్నాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదని ఆయనకి తెలిసి కూడా చెప్పాడంటే, చెప్పమనే అర్థం. మర్నాడు అతను వెళ్ళిపోయాక మావయ్య దగ్గర కూర్చుని, ఒక్క ముక్క దాచకుండా చెప్పేశాను. దొన్నెల సంగతి విన్నప్పుడు ఆయన తల దించుకున్నారు. సరదా అనుకున్నాను గదా అని గొణుక్కున్నారు. గ్లాసు సంగతి విన్నాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నాను తొంగునీవోణ్ణి గానీ తల్లీ, నిద్దరెక్కడిది? బండి దిగినాక సాలాసేపు ఒళ్ళు ఊగుతానే ఉంటాది. ఆళ్ళు ఇస్కూలుకెల్లినాక, గేటు గొళ్ళెం పడితే అప్పుడు పట్టీది నిద్దర. అప్పటిదాకా మేలుకునే ఉండీవోణ్ణి. పిల్లల మాటలు ఇందామని సెవులు రిక్కించుకుని ఉండీవోణ్ణి. ఒక్క మాటా ఇనపడీది కాదు."

"మరి లేచి రాకపోయారా?"

"ఒకపాలి లేసి ఎల్లినాను. ముగ్గురూ లేసి నిలబడిపోయినారు, దొంగతనం సేసి దొరికిపోయినట్టు. నానంటే ఆళ్ళకి బయం కాబోలనుకున్నాను. నాను మేలుకున్నానని తెలిస్తే ఆళ్ళకి మాట రాదు కాబోలని, మర్నాటి నుంచి దొంగ గురక మొదలెట్టినాను. నిద్దరోయినానని నమ్మితేనన్నా మాటాడుకుంటారని. ఎంత గట్టిగా గురక పెడితే అంత సప్పుడు తగ్గిపోయీది ఆ వంటింట్లో."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ కర్టెన్‌కి అటువైపు వీళ్ళు మాట్లాడాలని ఆయన గురక పెడుతున్నారు. ఇటువైపు ఆయన నిద్ర చెడకూడదని వీళ్ళు ఊపిరి బిగబట్టుకుంటున్నారు. ఇలా ఎన్నేళ్ళు గడిపారో. కోపం కాదు, ద్వేషం కాదు, అంతా ప్రేమే. మంచివాళ్ళింట్లో ఒక్క గయ్యాళి కూడా లేకపోతే ఇలాగే అవుతుంది. నేను ఆ ఇంటి కోడలిగా ముందే వచ్చి ఉంటే మొదటి వారంలోనే బయటపడేది.

"మరి చివర ఈల ఎందుకు మావయ్యా?" అన్నాను. రోజూ మధ్యాహ్నం ఆయన నిజంగా నిద్రపోయినప్పుడు నేను వింటూనే ఉన్నాను. ఆ గురకలో ఈల ఎప్పుడూ లేదు.

"నమ్మకం కలగొద్దా?" అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "అయితే నా గురక ఇంటే ఆడు తినీవోడా?" అని అడిగారు.

"హాయిగా తినేవాడట."

"పోన్లే. పనికొచ్చిందన్నమాట" అన్నారు, గుండెల మీద చెయ్యి వేసుకుని.

బుధవారం పొద్దున్న చాప మీద మళ్ళీ స్టీలు కంచాలు. నేనూ పిల్లలూ కూర్చున్నాం. మా ఆయన గుమ్మానికి ఆనుకుని రొట్టె చుట్టుకున్నాడు. మావయ్య అందరికీ వడ్డించి, గరిటె తీసి గ్లాసు మీద మూడు దెబ్బలు కొట్టారు. "నాకు నిద్దరొస్తంది. తొంగుంటాను" అని వెనక్కి నడిచి, కర్టెన్ దాటి మంచం మీద పడుకున్నారు. పిల్లలు తెల్లబోయారు. పట్టుమని రెండు ముద్దలు తినలేదు, అటువైపు నుంచి గురక. అబ్బో, అది గురకా? గేరు మార్చుతున్న బండి. చివర సన్నగా, పొడుగ్గా ఒక ఈల.

బంటి పకపకా నవ్వాడు. "తాతా నాటక్ చేస్తున్నాడు" అంది పింకీ. మా ఆయన నవ్వలేదు. చేతిలో రొట్టె చేతిలోనే ఉంది. రెండోసారి ఈల వచ్చేసరికి, నిలబడినవాడు గోడ వెంట జారి, అలాగే చాప మీద ఆ ఖాళీ కంచం ముందు కూలబడ్డాడు. రొట్టె కొరికాడు. నమిలాడు. అప్పుడు ఏదో తట్టినట్టు తలెత్తాడు.

"నాన్నా."

గురక ఆగింది. "తొంగున్నానురా. నువ్వు తిను" అని కర్టెన్ వెనక నుంచి జవాబొచ్చింది.

"అప్పుడు కూడా ఇలాగేనా?"

"అప్పుడూ ఇలాగే. మీరెల్లినాకే నాకు నిద్దర. సాయంత్రం దాకా తొంగునీవోణ్ణి. నాకేటి తక్కువ?"

మా ఆయన కర్టెన్ వైపు తిరిగాడు. "నేను గ్లాసు పడేసిన రోజు?"

"ఆ రోజా?" కర్టెన్ అటువైపు మంచం కిర్రుమంది. "ఆ రోజు నవ్వొచ్చిందిరా నాకు. దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వినాను. ఇంట్లో మడుసులున్నారని తెలిసింది. రోజూ పడీకూడదేటి అనుకున్నాను." ఆ వెంటనే, "గ్లాసుందా నీ దగ్గర? పడీ మరోపాలి" అన్నారు.

మా ఆయన పక్కనున్న స్టీలు గ్లాసు తీసుకున్నాడు. దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఆ వేళ్ళు విడివడటానికి ఎంత కష్టపడ్డాయో నేను చూశాను. చివరికి వదిలేశాడు. అది గచ్చు మీద పడి, మోగి, దొర్లుకుంటూ పోయి గ్యాస్ సిలిండర్‌కి తగిలి ఇంకోసారి మోగింది.

కర్టెన్ తొలగించుకుని మావయ్య వచ్చారు. "సూసినావా? నాకేటి కానేదు" అని కొడుకు పక్కన కూర్చున్నారు. మా ఆయన చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు, ఏడుస్తూనే నవ్వుతున్నాడు. మావయ్య తన కంచంలో ఉప్మా కలిపి అతని నోట్లో పెట్టారు. బయట ఆటో హారన్ మోగింది. "తాతా, ఆటో" అన్నాడు బంటి. "ఆగమను. మా బండింకా లోడవతంది" అన్నారు మావయ్య.

ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు మా ఆయన గొంతు పట్టేసిన రోజులున్నాయి. మావయ్య అది కనిపెట్టి, చాప మీద కూర్చున్నచోటనే కళ్ళు మూసుకుని ఒక ఈల గురక పెట్టేవారు. పిల్లలు పడి పడి నవ్వేవారు, అతను తినేసేవాడు. వర్షాకాలం గడిచింది, చలికాలం వచ్చింది. ఆ చాప మీద అయిదు కంచాలూ నిండుతూనే ఉన్నాయి. దొన్నెలు మానలేదు గానీ పిల్లల పుట్టినరోజులకే. అవి కొనడానికి మావయ్య ఆ ముసలావిడ దగ్గరికే వెళ్ళి, రాని హల్బీలో బేరాలాడి వచ్చేవారు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం ఆయన నిద్రలోనే పోయారు. పొద్దున్నే కొడుకు పక్కన కూర్చుని దిబ్బరొట్టె తిన్నారు, పిల్లల గోళ్ళు చూశారు, ఆటో టైరు తన్నారు. మేమంతా ఏడ్చాం. ఆటో అతనూ ఏడ్చాడు. కానీ నేను భయపడిన ఏడుపు అది కాదు. దినకార్యాలయ్యాక మా ఆయన నాతో ఒక్క మాటన్నాడు. "కూర్చున్నాను కదా. అది చాలు" అన్నాడు. నా గుండెల మీంచి పెద్ద బండ దిగిపోయింది.

ఇప్పుడు అతనికి నైట్ షిఫ్టులు పడుతున్నాయి. పొద్దున్న వచ్చి, స్నానం చేసి, తండ్రి మంచం మీదే పడుకుంటాడు. కర్టెన్‌కి ఇటువైపు పిల్లలు కంచాలు మోగిస్తూ తింటారు. పక్క క్వార్టర్ ఆవిడ ఒకరోజు, "అదేంటండీ, ఆయన నిద్రపోవద్దా? పిల్లల్ని కాస్త కోప్పడండి" అంది. "వద్దండి, అలవాటైంది" అన్నాను.

మొన్న బుధవారం ఏం జరిగిందో తెలుసా. ముందు రోజు కంపాస్ బాక్సు దగ్గర పింకీ, బంటి పోట్లాడుకుని మాటలు మానేశారు. ఇద్దరూ మూతులు ముడుచుకుని, కంచంలోకి చూస్తూ తింటున్నారు. ఇంట్లో చీమ చిటుక్కుమనడం లేదు. అబ్బ, ప్రాణానికి సుఖంగా ఉందనుకుంటూ నేను బాక్సులు సర్దుకుంటున్నాను. ఉన్నట్టుండి కర్టెన్ తొలగింది. మా ఆయన. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జుట్టు రేగి ఉంది, మొహంలో కంగారు.

"ఏటయ్యింది? సప్పుడు నేదేటి?"

అతను ఎప్పుడూ అలా మాట్లాడడు. అచ్చం వాళ్ళ నాన్న మాట. "ఏం కాలే. పోట్లాడుకున్నరు, మాటల్లేవు. మీరు పడుకోండి" అన్నాను. అతను పడుకోలేదు. వచ్చి, గట్టు మీది గరిటె తీసి స్టీలు గ్లాసు మీద టంగు టంగున రెండు దెబ్బలు కొట్టాడు.

"పప్పా, వీడే నా కంపాస్ విరగ్గొట్టాడు" అంది పింకీ. "ఝూఠ్. అదే విరిగిపోయింది" అన్నాడు బంటి. "నువ్వే." "నేను కాదు." "నువ్వే, నేను చూశాను." కంచం మోగింది. గ్లాసు దొర్లింది. ఇద్దరూ హిందీలోకి దిగారు. అతను గుమ్మానికి ఆనుకుని కాసేపు వింటూ నిలబడ్డాడు. ఆవులించి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆటో హారన్ మోగే లోపలే కర్టెన్ వెనక గురక మొదలైంది. నాకు అనుమానం వచ్చింది. రొట్టెల పిండి చేతులతోనే వెళ్ళి, కర్టెన్ దగ్గర నిలబడి చెవి పెట్టి విన్నాను. చాలాసేపు విన్నాను.

ఈల లేదు. నిజంగానే నిద్రపోయాడు.